గంప కింద రంగుల లెక్క

పుంజు ఒక్కటే. పెట్టా ఒక్కటే. 21వ రోజున గంప ఎత్తి చూస్తే మాత్రం... ఒక పిల్ల బొగ్గులా నల్లగా, ఇంకోటి ఇటుకరాయి రంగులో, రెండింటి వీపు మీద ఉడతకున్నట్టు చారలు, మరోటి బూడిదలో పొర్లి లేచినట్టు! ‘ఇది ఎవరి పోలికే?’ అంటూ ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. పక్కింటి పుంజు మీదికి అనుమానం పోతుంది. అందులో కొంత నిజమూ ఉండొచ్చు. కానీ ఆ పుంజు గోడ దూకకపోయినా పిల్లలు ఇన్ని రంగుల్లో పుట్టే వీలుంది. దాని వెనక ఓ లెక్కుంది. ఆ లెక్క తెలిసినవాళ్లు కోరిన రంగును తెప్పించుకోగలరు. తెలియనివాళ్లు రంగును చూసి మోసపోతారు.

రంగే ధర

కామారెడ్డిలో బస్సెక్కి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డి వైపు వెళ్తుంటే దారి పొడవునా మక్కజొన్న చేలు, వరి మళ్లు, అక్కడక్కడా చెరకు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఇదంతా నిజామాబాద్ జిల్లాయే. ఊళ్లలోకి వెళ్తే ఇంటి పక్కన పెంటకుప్ప, దాన్ని కాళ్లతో గీరుతూ నాలుగు పెట్టలు, వాటికి కాపలా అన్నట్టు ఓ పుంజు. పొద్దున గంప ఎత్తితే బయటికి, పొద్దుగూకితే మళ్లీ గంప కిందికి. వాటికి ప్రత్యేకంగా పెట్టే మేత కూడా పెద్దగా ఉండదు. గుప్పెడు మక్కలో, కాసిన్ని నూకలో చల్లితే చాలు. మిగతాదంతా వాటి కష్టార్జితమే... పురుగులు, గడ్డిగింజలు, గిన్నెలు కడిగినచోట పడ్డ మెతుకులు.

ఇలాంటి కోడి అంగడికొస్తే కొనేవాళ్లు ముందు చూసేది తూకం కాదు, రంగు. ఎర్రటి ఒళ్లు, నల్లతోక, మెడ మీద బంగారు మెరుపు కనిపిస్తే ‘ఇది నాటుదే’ అని చెయ్యి వేస్తారు. అదే తెల్లగా ఉందా... ‘ఫారం కోడా?’ అని పెదవి విరుస్తారు. అది అదే పెంటకుప్ప మీద పుట్టి పెరిగిన కోడే అయినా సరే! బ్రాయిలర్‌ కన్నా నాటుకోడి ధర ఇంచుమించు రెట్టింపు, పండగలప్పుడు ఇంకా ఎక్కువ. అంటే ఈకల రంగు ఒక్కటే కోడి ధరను సగానికి సగం మార్చేస్తుందన్నమాట. పోచమ్మకో, మైసమ్మకో, ఎల్లమ్మకో మొక్కు తీర్చుకునే ఇళ్లలో కొందరికి ఫలానా రంగు పుంజే కావాలి. ఆ వారం అలాంటి పుంజు ఉన్నవాడిదే రాజ్యం.

ఇంతకీ బ్రాయిలర్‌ ఎందుకు తెల్లగా ఉంటుంది? అదేం ప్రకృతి వరం కాదు. ఈకలు పీకాక చర్మంలో మిగిలిపోయే చిన్న చిన్న మొలకలు నల్లగా ఉంటే మాంసం మచ్చలుమచ్చలుగా కనిపిస్తుంది. తెల్ల ఈకలైతే ఆ మచ్చలుండవు. అందుకే కంపెనీలు పనిగట్టుకుని తెలుపును ఎంచుకున్నాయి. పల్లెలో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆరుబయట తిరిగే తెల్లకోడి గద్దకు అల్లంత దూరం నుంచే కనిపిస్తుంది. పిల్లికీ కుక్కకీ ముంగిసకీ కూడా. మట్టిలో, ఎండుగడ్డిలో కలిసిపోయే గోధుమరంగు పెట్ట ఇంకో నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది. తరతరాలుగా పల్లెకోళ్ల రంగుల్ని ఎంపిక చేసిన వాళ్లలో మనిషితోపాటు గద్ద కూడా ఉంది!

రాజేంద్రనగర్‌ నుంచి రంగుకోళ్లు

ఈ సంగతి శాస్త్రవేత్తలకూ త్వరగానే అర్థమైంది. హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో కోళ్ల పరిశోధన ప్రాజెక్టు డైరెక్టరేట్‌ను ప్రారంభించింది. ఇప్పుడు దాని పేరు కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌. పెరటి కోళ్లకు దేశమంతటా పేరు తెచ్చిన వనరాజా, గ్రామప్రియ అక్కడి నుంచి వచ్చినవే. ఏడాదికి 50-60 గుడ్లు పెట్టే మామూలు నాటుపెట్ట పక్కన, పెరట్లోనే పెంచితే వనరాజా 100-110, గ్రామప్రియ 160-180 గుడ్లు పెడతాయని డైరెక్టరేట్‌ లెక్క. గుడ్లు పెరిగితే సరిపోదు, కోడి చూడ్డానికి మన కోడిలా ఉండాలి. లేదంటే పల్లెలో ఎవరూ ముట్టుకోరు. తెల్లటి లెగ్‌హార్న్‌ ఎన్ని గుడ్లు పెట్టినా పెరట్లో నిలదొక్కుకోలేకపోవడానికి ఇదీ ఒక కారణమే. అందుకే వనరాజాను తయారు చేసేటప్పుడు తండ్రి వంశాన్నీ తల్లి వంశాన్నీ కూడా రంగు ఈకల కోళ్ల నుంచే తీసుకున్నారు.

ఆ తండ్రి వంశం కథ ఇంకా తమాషా. అది కార్నిష్‌ జాతి. పేరు చూస్తే ఇంగ్లండుది. కానీ పందొమ్మిదో శతాబ్దంలో అక్కడివాళ్లు కార్నిష్‌ను తయారు చేసుకోవడానికి వాడింది మన దేశపు అసిల్‌ కోడినే, మలయా కోడితో, ఇంగ్లండు పందెంకోడితో కలిపి. ఆ కార్నిష్‌లోని తెల్లరకమే నేటి బ్రాయిలర్లకు మూలపురుషుడు. అంటే మన పుంజే ఓడెక్కి వెళ్లి, ఒకవైపు తెల్లదై బ్రాయిలర్‌గా, ఇంకోవైపు రంగుదై వనరాజాగా ఇల్లు చేరింది. అంగడిలో ‘నాటుదా, ఫారందా’ అని బేరమాడే ఆ రెండు కోళ్లకూ దూరపు చుట్టరికం ఉందన్నమాట.

2009-10లో కేంద్ర ప్రభుత్వం పేద కుటుంబాలకు పెరటికోళ్ల పథకం మొదలుపెట్టాక ఇలాంటి రంగుకోళ్లు ఇంకా లోపలి ఊళ్లకు వెళ్లాయి. నాలుగు వారాలు సాకి, టీకాలు వేసిన పిల్లల్ని విడతల వారీగా ఇవ్వడం ఆ పథకం పద్ధతి. పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాజశ్రీ, బెంగళూరు నుంచి వచ్చిన గిరిరాజా కూడా ఆ బాటలోవే. 2019 పశుగణన నాటికి దేశంలో పెరటికోళ్లు 31 కోట్లు దాటాయి. అంతకుముందు గణనతో పోలిస్తే దాదాపు 46 శాతం ఎక్కువ. ఇదే కాలంలో మొత్తం కోళ్లు పెరిగింది 17 శాతం లోపే!

చిక్కొచ్చింది ఆ తర్వాతి తరంలో. వనరాజా పుంజు, వనరాజా పెట్ట ఇంట్లోనే జతకడితే పుట్టే పిల్లలు అమ్మానాన్నల్లా ఉండవు. రెండు వంశాలు కలిసినప్పుడు మొదటి తరంలో వచ్చే బలం రెండో తరంలో చెదిరిపోతుంది. ఎదుగుదల ఒక దారి, గుడ్లు ఒక దారి, రంగులు ఒక దారి. అంతకన్నా పెద్ద సంగతి... ఈ పెట్టలు పొదగవు. గుడ్డు పెట్టి తమ దారిన తాము వెళ్లిపోతాయి. పిల్లలు కావాలంటే మళ్లీ కొనాలి. లేదంటే పొదుగుకొచ్చిన నాటుపెట్టను వెతికి దాని కింద ఈ గుడ్లు పెట్టాలి.

కాకి, డేగ, సేతువ...

శాస్త్రవేత్తలు ఇంత రంగుల గొడవ ఎత్తుకోకముందే తెలుగువాళ్ల దగ్గర దానికో పెద్ద నిఘంటువు ఉంది. ఒళ్లంతా నలుపైతే కాకి. తెలుపైతే సేతువ. ఎరుపైతే డేగ. రెక్కల మీదో వీపు మీదో పసుపు మెరిస్తే నెమలి. మెడ మీద నల్ల ఈకలుంటే సవల, నలుపూ తెలుపూ సమంగా కలిస్తే పర్ల. ఎరుపు, బూడిద కలగలిస్తే మైల. ఒక్కో ఈక మీద నలుపు, తెలుపు, ఎరుపు మూడూ పూస్తే దాని పేరు పూల! ఇవన్నీ కోస్తా జిల్లాల పందెం బరుల్లో పుట్టి పెరిగిన మాటలు. కుక్కుట శాస్త్రం పేరుతో ఏ రంగు కోడి ఏ వేళ ఏ రంగును గెలుస్తుందో చెప్పే పంచాంగం కూడా వాళ్ల దగ్గరుంది.

గెలుపోటముల సంగతి నమ్మేవాళ్లకే వదిలేద్దాం. పందేలు చట్టవిరుద్ధం, అది వేరే విషయం. కానీ ఆ రంగుల పేర్లను మాత్రం తీసి పారేయడానికి లేదు. ఈకల్లోని తేడాను అంత నిశితంగా చూసినవాళ్లు తక్కువ. జన్యుశాస్త్రవేత్త ఒక కోడిలో చూసే నాలుగైదు గుణాల్ని ఆ ఒక్క మాట పట్టి చూపిస్తుంది. కామారెడ్డి వైపు పల్లెల్లో ఇంత జాబితా వాడుకలో ఉండదు. ‘ఎర్రది, నల్లది, చారలది’ అంటే సరిపోతుంది. అయితే లెక్క చూడాలనుకునేవాళ్లకు ఈ జాబితా పనికొస్తుంది. ఎందుకంటే పిల్లల్ని ‘రంగుది’ అని ఒకే గాట కడితే ఏ గుణం ఎటుపోయిందో ఎన్నటికీ తేలదు.

రెండే రంగులు

కోడి ఒంట్లో ఈకలకు రంగు తయారయ్యేది రెండు డబ్బాల్లోంచే అనుకోండి. ఒకటి నలుపు, రెండోది ఎరుపు. రెండూ మెలనిన్‌ రకాలే. నెమలి పసుపు, డేగ ఎరుపు, కాకి నలుపు అన్నీ ఈ రెండింటిని ఎక్కడ ఎంత పూయాలన్న దాని మీదే ఆధారపడతాయి. తెలుపు అనే రంగు డబ్బా లేదు. ఏ డబ్బా తెరుచుకోకపోతే అదే తెలుపు!

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. తెల్లకోళ్లన్నీ ఒకటి కాదు. ఒక తెలుపు గట్టిది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, పెత్తనం దానిదే. తెల్ల లెగ్‌హార్న్‌లో ఉండేది అదే. ఇంకో తెలుపు మెత్తది. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. లేదంటే తరాలపాటు లోపలే దాక్కుంటుంది. 

ఇప్పుడో లెక్క చూడండి. ఇంట్లో తెల్ల లెగ్‌హార్న్‌ పెట్ట ఉంది. దానికి ఎర్రటి డేగ పుంజును జతచేశారు. పిల్లలు దాదాపు అన్నీ తెల్లగానే పుడతాయి. మహా అయితే అక్కడో ఇక్కడో ఒక రంగు ఈక. ‘నాటు రక్తం పోయింది’ అని తల పట్టుకుంటారు. ఎక్కడికీ పోలేదు! ఆ తెల్లపిల్లలు పెరిగాక వాటిని మళ్లీ డేగతో కలిపి చూడండి. ఈసారి సగటున సగం పిల్లలకు రంగొస్తుంది. తెల్ల తెర తొలగింది, అంతే. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. రంగు పుంజు, రంగు పెట్ట కలిస్తే పన్నెండులో ఒకటో రెండో తెల్లవి పుట్టాయనుకోండి... పక్కింటి తెల్లపుంజును తిట్టకండి. మెత్తని తెలుపు మీ రెండు కోళ్లలోనే నిద్రపోతూ ఉండి ఉంటుంది.

పూల రంగుదీ ఇదే దారి. ఈక చివర తెల్లచుక్క పెట్టే గుణం రెండు వైపుల నుంచీ అందాలి. అందుకే చుక్కల్లేని తల్లిదండ్రులకు హఠాత్తుగా ఒక చుక్కల పిల్ల పుట్టి అందరినీ ఆశ్చర్యపరుస్తుంది. బూడిదరంగు మాత్రం ఇంకో వింత. బూడిద పుంజును బూడిద పెట్టతో కలిపితే పిల్లలన్నీ బూడిదవే రావు. సగటున నాలుగింట రెండు బూడిదవి, ఒకటి నల్లది, ఒకటి మురికి తెలుపు మీద మచ్చలది. అచ్చమైన బూడిద పిల్లలు కావాలంటే ఆ రెండు చివర్లనే, అంటే నల్లదాన్నీ మచ్చల తెల్లదాన్నీ కలపాలి. అప్పుడు అన్నీ బూడిదవే! రంగును దాచిపెట్టుకుని కావాల్సినప్పుడు బయటికి తీయడమంటే ఇదే.

మరి తోబుట్టువుల్లోనే పుంజు అంత సింగారంగా, పెట్ట అంత సాదాగా ఎందుకుంటాయి? ఒకే రంగు గుణం ఇద్దరిలోనూ ఉన్నా పెట్ట ఒంట్లోని ఆడ హార్మోను ఈకల తీరును మారుస్తుంది. ముసలిదైనా, జబ్బు చేసినా అండాశయం పనిచేయడం మానేస్తే అదే పెట్టకు పుంజు ఈకలు వస్తాయి. కొన్ని కూస్తాయి కూడా! ‘పెట్ట కూస్తే ఇంటికి అరిష్టం’ అంటారు మనవాళ్లు. అరిష్టం ఇంటికి కాదు, పాపం ఆ పెట్ట ఆరోగ్యానికి. ఇందులో రంగులు కలిపేవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. గోధుమరంగు పెట్టను చూసి దాని రంగును తక్కువ అంచనా వేయకూడదు. కొడుకుల మెడ మీద బంగారం మెరిపించేది ఆ పెట్ట కూడా కావచ్చు.

తలమీది చుక్క చెప్పే జోస్యం

రంగు లెక్కల్లో ఇంటికి నిజంగా డబ్బు మిగిల్చేది చారల కోడి. ఈకల మీద అడ్డంగా నలుపూ తెలుపూ గీతలుంటాయే, అది. ఈక పెరుగుతున్నకొద్దీ రంగు పడుతూ, ఆగుతూ, మళ్లీ పడుతూ ఉండడం వల్ల ఆ గీతలు ఏర్పడతాయి. 

మనుషుల్లో పుట్టేది ఆడో మగో తేలేది తండ్రి వైపు నుంచి. కోళ్లలో అది తల్లి చేతిలో ఉంది. చారల గుణం ఉండేది సరిగ్గా ఆ క్రోమోజోము మీదే. తల్లి దాన్ని కొడుకులకు మాత్రమే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. కాబట్టి చారల పెట్టకు చారల్లేని నల్లపుంజును జతచేస్తే మగపిల్లలన్నీ చారలవి, ఆడపిల్లలన్నీ చారల్లేనివి. పుట్టిన రోజే తేలిపోతుంది... నల్లటి పిల్ల తల మీద తెల్లచుక్క ఉంటే మగది, లేకపోతే ఆడది! పుంజు ఎర్రదైతే పిల్లల నూగు లేతరంగులో, చారలతో ఉండి చుక్క అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు. తెల్లపుంజైతే లెక్క మొత్తం తెర వెనక్కి పోతుంది. జతను అటుదిటు చేసి చారల పుంజును నల్లపెట్టకు కలిపారో, ఆడా మగా అన్నీ చారలతోనే వస్తాయి. అప్పుడు చుక్క జోస్యం పనిచేయదు.

బ్రిటన్‌లో విలియం బేట్సన్‌ మెండెల్‌ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో చూపించింది కోళ్ల మీదే. ఆ తర్వాత ఆయన సహచరుడు పనెట్‌ ఈ చారల గుణంతోనే పుట్టగానే ఆడా మగా తెలిసే కోడిజాతిని తయారు చేశాడు. ఈ విద్యను పెద్ద పెద్ద హేచరీలు ఇప్పటికీ వాడుతున్నాయి. రోడ్‌ ఐలాండ్‌ రెడ్‌ పుంజును వెండిరంగు గుణమున్న పెట్టకు కలిపితే కూతుళ్లు ఎర్రగా, కొడుకులు లేతగా పుడతాయి. అదీ ఇదే తర్కం. పల్లెలో దీనివల్ల లాభమేమిటంటే గుడ్ల కోసం ఎన్ని ఉంచుకోవాలో, పండక్కి ఎన్ని అమ్మాలో మొదటి రోజే తెలిసిపోతుంది.

గంప కింద ప్రయోగశాల

చేసి చూడాలనుకుంటే పెద్ద ఖర్చేం లేదు. ఓపిక కావాలి. ముందుగా పాత పుంజుల నుంచి పెట్టల్ని విడదీయాలి. విడదీసిన మర్నాడే కొత్త పుంజును వదిలి, వచ్చిన గుడ్లన్నీ దానివే అనుకుంటే పొరపాటు. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు మూడు వారాలదాకా చెక్కుచెదరకుండా నిలవ ఉంటుంది. అందుకే కనీసం మూడు వారాలు ఆగి ఆ తర్వాతి గుడ్లనే పొదగేయాలి. పక్కింటి పుంజు మీద అనుమానంలో కొంత నిజముందన్నది ఇందుకే! అది వచ్చిపోయి పదిహేను రోజులైనా పిల్లల్లో దాని పోలిక రావచ్చు.

ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. ఒక నాటుపెట్ట కింద పది పన్నెండు గుడ్లకు మించి పెట్టకూడదు. వారం తర్వాత చీకట్లో టార్చి వెలుతురు ముందు గుడ్డును పట్టుకుంటే లోపల సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. అవి లేకపోతే గొడ్డు గుడ్డు, తీసేయొచ్చు. పిల్లలు లేచాక కాలికో రంగుదారం కట్టి, ఏ పెట్టది, ఏ పుంజుది, నూగు ఏ రంగు అని పిల్లల నోటుబుక్కులో రాసుకుంటే చాలు. అయితే నూగు చూసి తీర్పు చెప్పేయకూడదు. పొట్ట కింద తెల్లగా పుట్టిన నల్లపిల్ల పెద్దయ్యాక ఒళ్లంతా నల్లబడొచ్చు. వీపు మీద ఉడత చారలున్నది మగదైతే ఎర్రటి పుంజుగా మారొచ్చు. ఆ ఉడత చారలు అడవికోడి పిల్లలవి. ఎండుటాకుల్లో దాక్కోవడానికి వచ్చిన వేషం అది, పెంటకుప్ప మీదికొచ్చినా ఇంకా వదల్లేదు.

పన్నెండు పిల్లల్లో సగం, పావు అని లెక్క కట్టినా ఒకే గంపలో అచ్చంగా ఆ లెక్కే రావాలని లేదు. నాణెం పన్నెండుసార్లు ఎగరేస్తే ప్రతిసారీ ఆరు బొమ్మలు పడతాయా? అలాగే ఇదీ. మూడు నాలుగు గంపలు కలిపి చూస్తే దారి కనిపిస్తుంది. ఇష్టమైన రంగు వచ్చింది కదాని అన్నాచెల్లెళ్లనే తరతరాలుగా కలుపుతూ పోతే మాత్రం గుడ్లు పొదగకపోవడం, పిల్లలు నీరసంగా పుట్టడం మొదలవుతాయి. పుంజును రెండేళ్లకోసారి దూరపు ఊరి పుంజుతో మార్చుకోవడం పాతకాలం నుంచీ ఉన్న తెలివే. కొక్కెర తెగులు టీకా ముఖ్యం. ఒక్కసారి ఆ తెగులు ఊళ్లోకొస్తే నోటుబుక్కు మాత్రమే మిగులుతుంది.

కాళ్ల రంగునూ ఇదే పుస్తకంలో రాసుకోవచ్చు. మక్కలు తిన్న కోడికి కాళ్లు పసుపురంగులో ఉంటాయని ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. అది సగమే నిజం. మక్కల్లోని పసుపు కాళ్లకు ఎక్కాలంటే దానికి తగ్గ గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. అది లేని కోడికి బస్తా మక్కలు పోసినా కాళ్లు పసుపెక్కవు, గుడ్డులోని సొన మాత్రం పసుపెక్కుతుంది. పెంపుడు కోడికి అసలు పూర్వికుడు ఎర్ర అడవికోడే అయినా, ఈ పసుపు గుణం మాత్రం దక్షిణ భారతంలో తిరిగే బూడిద అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. ప్రపంచంలో ఎక్కడి పసుపుకాళ్ల కోడిలోనైనా మన అడవి రక్తం ఓ చుక్క ఉందన్నమాట!

వేషం నాటు

ఇంత లెక్క ఎందుకంటే, ఇదే లెక్క అంగడికి అవతల ఉన్నవాళ్లకూ తెలుసు కాబట్టి. రంగు మార్చడం కష్టమేం కాదు, రెండు మూడు తరాల పని. పొదిగే గుణం, జబ్బును తట్టుకునే గుణం, గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కునే తెలివి... ఇవి ఈకల రంగుతో ముడిపడి లేవు. కాబట్టి వేషం నాటుది, ఒళ్లు ఫారానిది అయిన కోడిని తయారు చేయడం సులువు. అదే జరుగుతోంది. బంగ్లాదేశ్‌లో రోడ్‌ ఐలాండ్‌ రెడ్‌ పుంజునూ ఈజిప్టు ఫయూమీ పెట్టనూ కలిపి తయారు చేసిన సోనాలి కోడి చూడ్డానికి అచ్చం నాటుకోడే. ఇప్పుడది మన మార్కెట్లలోనూ నాటుకోడి పేరుతో చెలామణి అవుతోంది. అది చెడ్డ కోడేం కాదు. తినడానికీ ఢోకా లేదు. కానీ షెడ్డులో దాణా తిని పెరిగిన కోడికి పెంటకుప్ప మీద పెరిగిన కోడి ధర కట్టడం ఏం న్యాయం? దెబ్బ ఇద్దరికి. ఎక్కువ ధర పెట్టి కొనుక్కున్న ఇంటికి ఒకటి. నిజంగా నాటుకోడిని ఏడెనిమిది నెలలు సాకి అంగడికి తెచ్చిన ఎల్లారెడ్డి పల్లె ఇల్లాలికి ఇంకోటి. రంగు అందరి దగ్గరా దొరుకుతున్నప్పుడు ఆమె కోడికి ప్రత్యేకమైన ధర ఎవరిస్తారు?

అయితే పోల్చుకునే దారులు కొన్నున్నాయి. గంపలో పది కోళ్లుంటే పదీ పది రకాలుగా ఉండడం పల్లెకోళ్ల లక్షణం. పదీ అచ్చు గుద్దినట్టు ఒకే రంగు, ఒకే సైజు ఉంటే అవి ఒకే హేచరీ నుంచి ఒకే రోజు వచ్చి ఉంటాయి. ముక్కు కొన కత్తిరించినట్టు ఉందా... అది కచ్చితంగా ఫారం గుర్తు. నేల గీరి బతికిన కోడి గోళ్లు అరిగి ఉంటాయి, కాళ్లు గరుకుగా ఉంటాయి. రంగు కన్నా కాళ్లే ఎక్కువ నిజం చెబుతాయి.

మరి అచ్చమైన నాటుకోడి ఏదని గట్టిగా అడిగితే చిక్కే. 1950, 60ల్లో సమాజ వికాస పథకాల కాలంలోనే రోడ్‌ ఐలాండ్‌ రెడ్‌, లెగ్‌హార్న్‌ పుంజుల్ని దేశంలోని పల్లెలకు పంచారు. ఆ తర్వాత గిరిరాజా, వనరాజా వచ్చాయి. ఇప్పుడు ఏ ఊరి పెంటకుప్ప మీదైనా ఈ కలగాపులగమే. అందుకే రంగును బట్టి రక్తం స్వచ్ఛతను తూచడం దండగ. అసలు చూడాల్సింది పొదుగుకొచ్చే పెట్టలు ఎన్ని మిగిలాయన్నది. గుడ్లు తక్కువని, బరువు రాదని ముందుగా అంగడికి పోయేది అవే. ఊళ్లో పది ఇళ్లలో గ్రామప్రియలుండి ఒక్క పొదిగే పెట్టా లేకపోతే, తర్వాతి తరం కోడిపిల్ల కోసం కామారెడ్డి బస్సెక్కాల్సిందే. ఇది తెలిసినవాళ్లు గుడ్ల కోసం రంగుకోళ్లను ఉంచుకుంటూనే, రెండు నాటుపెట్టల్ని పొదుగు కోసమే సాకుతున్నారు. వాటికి ఏ రంగైనా పర్లేదు. ఏటా మూడుసార్లు గంప కింద కూచుంటే అదే లాభం.

ఆ గంపల కింద ఎవరి గుడ్లయినా పెట్టొచ్చు. చారల పెట్టవి నాలుగు, డేగకు పుట్టినవి నాలుగు, ఎదురింట్లోంచి తెచ్చిన బూడిద కోడివి నాలుగు. తల్లికి ఆ తేడా లేదు, పన్నెండింటినీ ఒకేలా వెంటేసుకుని తిరుగుతుంది. ఆషాఢంలో లేచిన పిల్లలైతే దసరాకు సగం ఈకలు మారుస్తాయి. ఏది నెమలో, ఏది మైలో, ఏది పూలో తేలడానికి సంక్రాంతి దాకా ఆగాలి.